ఓడ మల్లయ్యను ఎంచుకునేదెలా?

రాత్రి పదిన్నర దాటాక మా అక్క ఫోన్ చేసిందంటే ఏదో కొంప మునిగిందనే లెక్క. తొమ్మిదింటికల్లా దీపాలార్పి పడుకునే ఇల్లు వాళ్లది.

"తమ్ముడూ, మన సరుకు హాంబర్గ్‌లో దిగిందట్రా" అంది.

"మంచిదేగా అక్కా!"

"మంచిదే. కానీ ఆవిడ విడిపించుకోనంటోంది. అక్కడెవరో ఏజెంటు ఆవిడ చేతిలో ఓ బిల్లు పెట్టాడట. మనం ఇక్కడ కట్టిన ఓడ కిరాయి కంటే ఆ బిల్లే ఎక్కువట. కిరాయి మొత్తం నువ్వే కట్టానన్నావుగా, మళ్లీ ఇదేంటి అని అడుగుతోంది. ఏం చెప్పను?"

అది 2024 నవంబరు ఆఖరు. క్రిస్మస్‌కు నెల రోజులు కూడా లేదు. క్రిస్మస్ కోసం అల్లిన సరుకది. పండగ దాటితే దాన్ని కొనేవాళ్లుండరు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నరసాపురం పక్కన పల్లెటూరు. ఆ చుట్టుపక్కల మధ్యాహ్నం పూట ఏ ఇంటి అరుగు మీద చూసినా క్రోషే సూది, దారం పట్టుకుని లేసు అల్లే ఆడవాళ్లు కనిపిస్తారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. మనవాళ్ల వేళ్లకు ఎంతగా పట్టుబడిందంటే, 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్క ఇరవై ఏళ్లుగా పెద్ద ఎగుమతిదారు దగ్గర దారం తెచ్చి ఆడవాళ్లకు పంచడం, అల్లింది పోగుచేసి అప్పజెప్పడం చేసేది. ఢిల్లీలో హస్తకళల సంతకు వెళ్లినప్పుడు ఓ జర్మనీ ఆవిడ పరిచయమై, నేరుగా ఆర్డరిచ్చింది. టేబుల్ క్లాత్‌లు, చిన్నచిన్న డాయిలీలు, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే నక్షత్రాలు. మొత్తం ముప్ఫై అట్టపెట్టెలు. అరవై మంది ఆడవాళ్లు నాలుగు నెలలు అల్లారు. అక్క తన గొలుసు బ్యాంకులో పెట్టి వాళ్లకు సగం కూలి ఇచ్చింది. మిగతా సగం సరుకు డబ్బు రాగానే ఇస్తానని మాటిచ్చింది.

అల్లిక, ఉతుకు, ఇస్త్రీ, ప్యాకింగు... అన్నీ అక్క వేలెత్తి చూపడానికి లేకుండా చేయించింది. ఒక్క విషయంలో మాత్రం తొందరపడింది. సరుకును ఓడ ఎక్కించేవాణ్ణి ఎంచుకోవడంలో.

చవక కొటేషన్ కథ

ముగ్గుర్ని అడిగింది. ఇద్దరు ఇంచుమించు ఒకే ధర చెప్పారు. మూడో ఆయన అందులో సగమే చెప్పాడు. "ఇంత తక్కువకెలా వస్తుందండీ?" అనడిగితే, "మాకు వాల్యూము ఎక్కువ మేడం" అన్నాడు. అక్క మురిసిపోయింది. బావ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కూడా కొటేషన్ చూశాడు. కిందెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో 'గమ్యస్థానం ఖర్చులు అదనం' అని ఉంది. దాని అర్థం ఇద్దరికీ తట్టలేదు.

అసలు ఈ ఫ్రైట్ ఫార్వర్డర్ అంటే ఎవరు? ఆయనకు ఓడ ఉండదు. చాలాసార్లు లారీ కూడా ఉండదు. పెళ్లి కాంట్రాక్టు తీసుకునే మనిషిని గుర్తు తెచ్చుకోండి. షామియానా ఆయనది కాదు, వంటమనిషి ఆయన ఇంటి మనిషి కాదు, బ్యాండు మేళం అంతకంటే కాదు. కానీ అందర్నీ వేళకు కూడగట్టి పెళ్లి జరిపిస్తాడు. ఫార్వర్డరూ అంతే. ఊళ్లో లారీ మాట్లాడతాడు, కస్టమ్స్ కాగితాలు చూసుకుంటాడు, ఓడలో చోటు కొంటాడు, అవతలి దేశంలో తన తరఫు ఏజెంటుకు కబురు పెడతాడు. పెళ్లిలో భోజనాలు ఆలస్యమైతే పరువు ఎవరిది పోతుంది? మనది. ఇక్కడా అంతే.

కంటైనర్ నిండా సరుకున్నవాళ్లు కంటైనర్ మొత్తం తీసుకుంటారు. ఇరవై అడుగుల పెట్టెలో సుమారు 33 ఘనమీటర్ల చోటుంటుంది. అక్క ముప్ఫై పెట్టెలకు అంత చోటు అక్కర్లేదు. అలాంటి చిన్న సరుకులు పదిమందివి కలిపి ఒక కంటైనర్‌లో సర్దుతారు. దాన్ని వ్యాపారంలో ఎల్.సి.ఎల్. అంటారు. మన షేర్ ఆటో అనుకోండి. నిండేదాకా కదలదు. ఇక్కడే అసలు కిటుకుంది. సరుకు రాబట్టుకోవడానికి కొందరు కిరాయి బాగా తగ్గించి, కొన్ని మార్గాల్లో సున్నా కిరాయి అని కూడా చెప్పి, ఆ తగ్గించినదంతా అవతలి రేవులో దిగుమతి చేసుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. దింపుడు కూలి, గోడౌన్ ఖర్చు, డెలివరీ ఆర్డరు రుసుము, కాగితాల రుసుము అని బిల్లు పెరుగుతుంది. అంటే ఖర్చు తగ్గలేదు. మనకు కనబడకుండా హాంబర్గ్‌లో కూర్చుంది.

మోసం అందామా అంటే, కాగితం మీద రాసే ఉంది. అడగకపోవడం మన తప్పు.

ఇక ఆలస్యం సంగతి. సరుకు విశాఖలో ఎక్కుతుందనుకుంది అక్క. ఆయన లారీలో చెన్నై పంపాడు. అక్కడ కంటైనర్ నిండేదాకా పది రోజులు. కొలంబోలో ఓడ మారడానికి ఇంకొన్ని రోజులు. పైగా 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, యూరప్ వెళ్లే ఓడలు చాలావరకు సూయెజ్ దారి మానేసి ఆఫ్రికా అడుగు నుంచి గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్లాయి. దాంతో దాదాపు రెండు వారాలు ఎక్కువ. ఈ మాట ఆయన ముందే చెప్పి ఉంటే అక్క ఆడవాళ్లను ఓ నెల ముందు కూర్చోబెట్టేది. సెప్టెంబరు నెలాఖరున ఇంటి గడప దాటిన పెట్టెలు నవంబరు ఆఖరుకు హాంబర్గ్ చేరాయి.

'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య' అంటాం మనం. అవసరం తీరాక ఓడవాణ్ణి మరిచిపోయే ప్రయాణికుడి గురించి పుట్టిన సామెత అది. అక్క విషయంలో తిరగబడింది. సరుకు ఎక్కేదాకా "మేడం, మేడం" అన్న మల్లయ్య, ఎక్కాక ఫోనే ఎత్తలేదు.

చివరికి ఏమైందంటారా? బిల్లులో సగం అక్క భరించింది. సరుకు డిసెంబరు రెండో వారంలో బయటికొచ్చింది. ఆవిడ అమ్మగలిగింది అమ్మి, మిగిలినదాని డబ్బు వచ్చే ఏడాది ఇస్తానంది. అక్క రెండో గొలుసు కూడా బ్యాంకుకు పంపి, సంక్రాంతి ముందు అరవై మందికీ కూలి బాకీ తీర్చింది. "వాళ్లకు హాంబర్గ్ సంగతి చెబితే ఏం అర్థమవుతుందిరా? పండగొచ్చింది, పిల్లలకు బట్టలు కొనాలి. అంతే" అంది.

ప్రశ్నలడిగిన మనిషి

2025లో మళ్లీ ఆర్డరొచ్చింది. ఈసారి నన్నూ వెంటబెట్టుకుని అక్క విశాఖ వెళ్లింది. ఓ ఇరుకు సందులో రెండు గదుల ఆఫీసు. ఏసీ లేదు. ఆ పెద్దాయన కుర్చీలు చూపించి, మంచినీళ్లిప్పించి, ధర మాటెత్తకుండా ప్రశ్నలు మొదలెట్టాడు.

"సరుకు ఏంటమ్మా? నూలా, పాలిస్టరా? కోడ్ నంబరు ఏది వేస్తున్నారు? ఒక్కో పెట్టె కొలతలు ఎంత? ఏ తేదీకల్లా వాళ్ల కొట్లో ఉండాలి? రేవు దాకానా, వాళ్ల గుమ్మం దాకానా? అక్కడి ఖర్చులు ఎవరు పెట్టుకుంటామని రాసుకున్నారు? డబ్బు ముందే వస్తుందా, కాగితాలు చూపాకా?"

అక్క సగానికి జవాబులు చెప్పింది. మిగతా సగానికి నోట్‌బుక్ తీసి రాసుకుంది. బయటికొచ్చాక నాతో ఒకటే మాటంది. "పోయినేడాది ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదురా. ఎన్ని పెట్టెలని మాత్రం అడిగాడు."

నాకు ఆ ఏడాది తెలిసొచ్చిన నీతి అదే. డాక్టరు రోగాన్ని అడక్కుండా మందు రాస్తే మనం ఆ ఆసుపత్రికి మళ్లీ వెళ్తామా? సరుకు గురించి అడక్కుండా ధర చెప్పేవాడూ అంతే. మంచి ఫార్వర్డర్ మనం అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోడు, మనం అడగాల్సినవి కూడా తనే అడుగుతాడు.

ఆ పెద్దాయన దగ్గర కూర్చుని, తర్వాత మరికొందరిని విచారించి, అక్కా నేనూ రాసుకున్న సంగతులివి. మీ ఇంట్లో ఎవరైనా పచ్చళ్లో, చీరలో, బొమ్మలో విదేశాలకు పంపే ఆలోచనలో ఉంటే కత్తిరించి దాచుకోండి.

కొలత మనమే తీసుకోవాలి. ఓడ కిరాయి బరువును బట్టి కాదు, బరువూ చోటూ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నిబట్టి వేస్తారు. ఒక ఘనమీటరుకు ఒక టన్ను సమానమని లెక్క. అక్క పెట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు. అంటే 0.096 ఘనమీటర్లు. ముప్ఫై పెట్టెలకు 2.88. బరువు పెట్టెకు 15 కిలోల చొప్పున 450 కిలోలే. కాబట్టి కిరాయి 2.88 మీద పడుతుంది. విమానంలోనైతే ఘన సెంటీమీటర్లను 6,000తో భాగిస్తారు. ఒక్కో పెట్టె 16 కిలోలుగా లెక్కకొస్తుంది, తూకం 15 అయినా సరే. పెట్టెలో గాలి ఎక్కువుంటే గాలికి కూడా కిరాయి కడుతున్నట్టే.

కొటేషన్ మూడు ముక్కలుగా అడగాలి. మన గుమ్మం నుంచి ఇక్కడి ఓడ దాకా ఎంత, సముద్రం మీద ఎంత, అవతలి రేవు నుంచి వాళ్ల గుమ్మం దాకా ఎంత. మూడూ రాతపూర్వకంగా ఉండాలి. 'అదనం', 'వాస్తవ ఖర్చు మేరకు' అన్న మాటలు కనిపిస్తే వేలు పెట్టి చూపించి, అంకె రాయించుకోవాలి. ధర ఏ తేదీ దాకా చెల్లుతుందో కూడా ఉండాలి. ముగ్గురి ధరలు పోల్చేటప్పుడు పోల్చాల్సింది ఈ మూడు ముక్కల మొత్తాన్ని.

మూడక్షరాల మాటలు తెలుసుకోవాలి. ఎఫ్.ఓ.బి. అంటే ఇక్కడి రేవులో ఓడ ఎక్కించేదాకా మన బాధ్యత. సి.ఐ.ఎఫ్. అంటే సరుకు ధరలోనే అవతలి రేవు దాకా కిరాయి, ఇన్సూరెన్సు కూడా మనవే. ఇవి అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుంచి అచ్చువేస్తున్న నియమాల్లోవి. ఇన్‌కోటెర్మ్స్ అంటారు. అక్క మొదటి ఇన్వాయిసులో సి.ఐ.ఎఫ్. అని దర్జాగా రాసింది. మధ్యలో ఉన్న 'ఐ' ఇన్సూరెన్సని అప్పటికి ఆవిడకు తెలీదు. కట్టనూ లేదు. దేవుడి దయవల్ల పెట్టెలు తడవలేదు.

ఇన్సూరెన్సు మనమే కట్టుకోవాలి. సరుకు పాడైతే ఫార్వర్డర్ ఇస్తాడులే అనుకోవద్దు. వాళ్ల బాధ్యతకు పెట్టెకింత, కిలోకింత అని చట్టమే హద్దు పెట్టింది. సరుకు పూర్తి విలువ రాదు. ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. ఓడకు ఆపదొచ్చి, దాన్ని కాపాడటానికి ఖర్చయితే, ఆ ఖర్చును అందులో సరుకున్నవాళ్లంతా పంచుకోవాలి. జనరల్ యావరేజ్ అనే ఈ పద్ధతి తరతరాల నాటిది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువలో ఆరు రోజులు అడ్డం పడింది గుర్తుందా? అప్పుడు ఓడ యజమాని దీన్నే ప్రకటించాడు. నష్టపరిహారం తగాదాతో ఓడ జులై దాకా ఈజిప్టులోనే ఆగింది. ఇన్సూరెన్సు ఉంటే ఇలాంటప్పుడు మన తరఫున కంపెనీ హామీ ఇస్తుంది. లేనివాళ్లు జేబులోంచి డిపాజిట్ కట్టాలి.

ఎవరి లైసెన్సు, ఎవరి కాగితం? కస్టమ్స్ పని చేసేవాళ్లకు లైసెన్సుండాలి. ఒకప్పుడు వీళ్లను సి.హెచ్.ఏ. అనేవాళ్లు, 2013 నుంచి కస్టమ్స్ బ్రోకర్ అంటున్నారు. ఫార్వర్డర్‌కే ఆ లైసెన్సుందా, వేరేవాళ్లతో చేయిస్తాడా అడగండి. ఇంటి నుంచి అవతలి చోటు దాకా మొత్తం రవాణాకు తన పేరుతో బిల్ ఆఫ్ లేడింగ్ ఇచ్చేవాళ్లు 1993 నాటి చట్టం కింద షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ దగ్గర నమోదు కావాలి. ఈ బిల్లుల్లో రెండు రకాలు. ఓడ కంపెనీ ఫార్వర్డర్‌కు ఇచ్చేది మాస్టర్, ఫార్వర్డర్ మనకిచ్చేది హౌస్. మనం ఫార్వర్డర్‌కు డబ్బు కట్టినా, ఆయన ఓడ కంపెనీకి కట్టకపోతే సరుకు ఆగిపోతుంది. అందుకే ఆయన ఎన్నేళ్లుగా ఉన్నాడు, మనలాంటి సరుకు ఎవరెవరిది పంపుతున్నాడు అని ఇద్దరు పాత ఖాతాదారులకు ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఓడ ఏది, ఎక్కడ మారుతుంది? మొహమాటం లేకుండా అడగాలి. ఓడ కంపెనీలు కూడా మునుగుతాయి. 2016 ఆగస్టు చివర్లో కొరియాకు చెందిన హాన్‌జిన్ అనే పెద్ద కంపెనీ దివాలా బాట పట్టింది. రేవుల్లో బాకీలు కట్టలేక దాని ఓడలు సరుకుతో సహా సముద్రంలోనే నిలబడిపోయాయి. ఏ కంపెనీ ఓడైనా, అనుకోనిది జరిగినప్పుడు మనకు ముందు కబురు చెప్పేవాడు కావాలి.

అవతలి ఏజెంటు పేరు ముందే కావాలి. కొనేవాళ్లు సరుకెక్కకముందే ఆ ఏజెంటుతో మాట్లాడి, అక్కడి ఖర్చు కాగితం మీద తెప్పించుకోవాలి. ఈ ఒక్క ఫోన్ కాల్ చేసి ఉంటే అక్క రెండో గొలుసు ఇంట్లోనే ఉండేది.

విశాఖ పెద్దాయన చెప్పినవి ఇంకో రెండున్నాయి. సముద్రం మీద పగటి వేడికీ రాత్రి చలికీ కంటైనర్ లోపల నీటి బొట్లు పట్టి పైనుంచి కారతాయి. తెల్ల లేసు మీద పసుపు మరక పడితే ఇక అంతే సంగతులు. అందుకని పెట్టె లోపల ప్లాస్టిక్ పొర వేయించి, సిలికా జెల్ సంచులు పెట్టించాడు. పెట్టెల కింద చెక్క బల్ల వాడితే, దాన్ని చెక్క మధ్య దాకా 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసినట్టు ముద్ర ఉండాలని, లేకపోతే యూరప్ రేవులో ఆపేస్తారని చెప్పాడు. ధర ఆఖర్న చెప్పాడు. ముగ్గురిలో ఆయనది చవకేం కాదు. అక్క బేరమాడబోయి, ఎందుకో ఆగిపోయింది.

ఇది మనకెందుకు అనుకోకండి

మనకేం ఎగుమతి వ్యాపారం లేదుగా అంటారేమో. అమెరికాలో పదేళ్లుండి ఇంటికి తిరిగొచ్చే పిల్లలు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు. సోఫాలు, మంచాలు, పిల్లల సైకిళ్లు కంటైనర్‌లో వేసుకుని వస్తుంటారు. ఇంటర్నెట్లో చూసి, అన్నిటికంటే తక్కువ చెప్పినవాళ్లకు సామాను అప్పగించి, ఇక్కడి రేవులో మళ్లీ డబ్బు కట్టి విడిపించుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. అమెరికా నుంచి ఓడలో సామాను పంపించే మధ్యవర్తులకు అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ లైసెన్సు ఇస్తుంది, బాండు కూడా కట్టించుకుంటుంది. లైసెన్సున్నవాళ్ల జాబితా ఆ కమిషన్ దగ్గర ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మీ అబ్బాయికో అమ్మాయికో ఈ ఒక్క మాట చెప్పండి. మంచం ఖరీదు కంటే ఆ మాట ఖరీదు ఎక్కువ.

మొన్న డిసెంబరులో మళ్లీ రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. అక్క పేరు చూసి గుండె గుభేల్మంది.

"ఏమైందక్కా?"

"ఏం కాలేదురా. ఆగస్టులో ఎక్కించామా, అక్టోబరుకల్లా ఆవిడ కొట్లో ఉంది సరుకు. ఇప్పుడు ఫొటో పంపింది. అద్దాల కిటికీలో మన నక్షత్రాలు వేలాడదీసింది. మన సుబ్బమ్మ గారు అల్లినవి పైవరసలో ఉన్నాయి. నిద్ర పట్టక నీకు చేశా."

"గొలుసులు?"

"ఒకటొచ్చింది. రెండోది ఉగాదికి విడిపిస్తా. అదలా ఉంచు. విశాఖలో పెద్దాయన అడ్రసు నీ దగ్గరుందా? సంక్రాంతికి అరిసెలు పంపాలి. కొరియర్‌కు మాత్రం ఎవరిదగ్గర తక్కువని చూడకు. పగలకుండా ఎవరు తీసుకెళ్తారో కనుక్కో."

ఏరు దాటాక కూడా మా అక్కకు ఆయన ఓడ మల్లయ్యే.